సంసిన్ అవ్వ చేతి మచ్చ

“విప్పను,” అంది వోల్సన్.

“ఒక్కసారి అత్తయ్యా. చూసి మళ్ళీ నేనే కట్టేస్తాను.”

“విప్పనని చెప్పానా లేదా? నిద్రపోయే పిల్లని లేపితే నీకేం వస్తుంది?”

వోల్సన్ హాలంతా చుట్లు తిరుగుతోంది. సోఫా దగ్గర్నుంచి కిమ్చీ పచ్చడి ఫ్రిజ్ దాకా, ఫ్రిజ్ దగ్గర్నుంచి రేవు కనపడే కిటికీ దాకా. వీపున బొంతలాంటి పొదేగి గుడ్డ, అందులో నాలుగు నెలలు నిండిన మనవరాలు సోల్‌బి. గుడ్డ పట్టీలు గుండెల మీదుగా తెచ్చి, నడుం చుట్టూ తిప్పి, బొడ్డు దగ్గర బిగించి ముడేసింది. ముడి మీద ఇంకో ముడి కూడా వేసింది. పిల్ల తల ఒక్కటే పైకి కనపడుతోంది, ఓ పక్కకి వాలిపోయి.

తలతోపాటు ఎడమ చెవి కూడా కనపడుతోంది. హ్యేరాన్ ఆ చెవినే చూస్తోంది.

చెవి పైఅంచు కందిపోయి నల్లబడింది. పొద్దున అత్తగారు పిల్లని మోసుకుంటూ కింది అంతస్తులోని తన పిల్లల క్లినిక్ అద్దాల ముందు నుంచి వెళ్తుంటే అనుకోకుండా కంటపడింది. అప్పట్నుంచి ఎంతమంది పిల్లల చేత నోళ్ళు తెరిపించిందో, ఎవరికి ఏ మందు రాసిందో డాక్టరమ్మకే తెలియదు. మధ్యాహ్నం భోజనం వేళ కాగానే తలుపుకి బోర్డు తగిలించి, తెల్లకోటైనా విప్పకుండా మెట్లెక్కి పైకి వచ్చేసింది.

“పోనీ, చెవికి ఏమైందో మీరే చెప్పండి.”

“ఏమవుతుంది? నిద్రలో మడత పడుంటుంది.”

“మడత పడితే ఎర్రబడుతుంది. ఇలా నల్లగా అవ్వదు.”

“అయితే పిల్లల్ని పుట్టించే సంసిన్ అవ్వ మచ్చే అయ్యుంటుంది. మన పిల్లల్లో ఆ నీలిమచ్చ లేనిదెవరికి? ఇక బయటికి పోవే అని అవ్వ చరిచి పంపినప్పుడు కందదూ మరి? మొన్న నువ్వే కదా అన్నావు!”

నిజమే, హ్యేరానే అంది.

పిల్ల నూరోరోజు పండగనాడు అన్న మాట అది. తెల్లటి బియ్యప్పిండి కేకులు పంచుతున్నారు. పిల్లకి పట్టు బట్టలు తొడుగుతూ పిల్ల తల్లి, తోడికోడలు నాయంగ్, “అక్కా, భుజం కింద ఇదేంటి? మొన్నటిదాకా చూసినట్టు గుర్తులేదు,” అని అడిగింది. హ్యేరాన్ నోట్లో కేకు ముక్క ఉంది. అక్కణ్ణుంచే చూసింది. నీలంగా, బొటనవేలంత మచ్చ. “ఈ పిల్ల రానని మొండికేసినట్టుంది, అవ్వ రెండు ఎక్కువే వేసింది!” అనేసింది. అందరూ పగలబడి నవ్వారు. డాక్టరే చెప్పాక ఇంక అనుమానం ఎవరికుంటుంది?

ఆమె తప్పు అది. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో అలాంటి మచ్చలు ఎన్ని చూసిందో లెక్కే లేదు. పిర్రల మీద, నడుం మీద, ఒక్కోసారి భుజం మీద, మడమ మీద కూడా ఉంటాయి. ప్రతి పిల్లకీ ఉండేదే కాబట్టి కన్ను వాటి మీద నిలవదు. ఆ రోజూ నిలవలేదు.

పోయిన వారం టీకా వేస్తూ చూస్తే, పిర్రల మీది అసలు మచ్చ ఎక్కడిదక్కడే ఉంది. భుజం కిందిది మాత్రం లేదు. పుట్టుమచ్చ మాయమవ్వాలంటే ఏళ్ళు పడుతుంది. పండగకీ టీకాకీ మధ్య మాయమయ్యేది కమిలిన దెబ్బే. ఆ సంగతి తెలిసీ వారం రోజులు ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు హ్యేరాన్. ఎవరికని చెబుతుంది? అందరూ ఇంటివాళ్ళే.

“ఇంకా బోర్లా కూడా పడని పిల్ల అత్తయ్యా,” అంది గొంతు తగ్గించి. “పడుకోబెట్టిన చోటే ఉండే పిల్ల. తనంతట తాను దెబ్బ తగిలించుకోలేదు. ఎవరో ఒకరు...”

“ఆ ఎవరో నేనేగా?”

బల్ల దగ్గర కూర్చున్న మరిది, పిల్ల తండ్రి కిజు కుర్చీ వెనక్కి తోసుకుని లేచాడు. పొద్దున్నే సముద్రంలో ఆల్చిప్పలు పెంచే తెప్పల మీదికి వెళ్ళి వచ్చినవాడు, ఇంకా రబ్బరు ప్యాంటులోనే ఉన్నాడు. మనిషి లేస్తే హాలు ఇరుకైపోతుంది.

“నేను ఎవరి పేరూ ఎత్తలేదు కిజూ.”

“ఎత్తడం దేనికి వదినా? మెట్లెక్కి వచ్చినప్పట్నుంచి నా చేతుల వైపే చూస్తున్నారు. చూడండి, బాగా చూడండి!” రెండు చేతులూ ఆమె మొహం ముందు చాపాడు. ఉప్పునీళ్ళకి పగిలి, గీసుకుపోయిన చేతులు. “కిజు తాగుతాడు, కిజు అరుస్తాడు, పండగనాడు గ్లాసు విసిరి కొట్టాడు. ఇంట్లో పిల్లకి దెబ్బ తగిలితే ఇంకెవరు కొట్టుంటారు, వాడే! అంతేనా?”

అంతే. హ్యేరాన్ మనసులో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా అదే.

“నువ్వు అరవకురా, పిల్ల లేస్తుంది,” అంది తల్లి.

“లేవనీ! లేచి అదే చెప్పనీ!”

“కూర్చోరా,” అన్నాడు సోఫాలోంచి కివాన్. హ్యేరాన్ భర్త, ఆ ఇంటికి పెద్దకొడుకు. కమలాపండు తొక్క తీస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు. కివాన్ గొంతు ఎప్పుడూ పెరగదు. పదిహేనేళ్ళు లెక్కల ట్యూషన్ సెంటర్ నడిపి, ఒక్క పిల్లాడి మీద కేక వెయ్యని మేష్టారని ఊళ్ళో పేరు. పిల్లలు తగ్గిపోయి సెంటర్ మూసేసిన రోజు కూడా ఇంటికొచ్చి మామూలుగా అన్నం తిన్నాడు. “మీ వదిన డాక్టరు. ఆవిడ అడగాల్సినవి ఆవిడ అడుగుతోంది. దానికి నీకెందుకంత ఉలుకు?”

“ఉలుకా? నాకా? నీ పెళ్ళాం నన్ను దొంగని చూసినట్టు చూస్తుంటే...”

“ఒరేయ్.” అంతే అన్నాడు. కిజు పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాడు.

కివాన్ తొక్క బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని లేచి తల్లి దగ్గరికి వెళ్ళాడు. “అమ్మా, ఇలా ఇవ్వు. నా దగ్గరైతే గోల చెయ్యదు. హ్యేరాన్ ఒకసారి చూస్తుంది, గొడవ వదిలిపోతుంది.”

వోల్సన్ గబుక్కున వెనక్కి జరిగింది. కిటికీకి వీపు ఆనబోతే మనవరాలు గుర్తొచ్చి పక్కకి తిరిగింది. “నాకేం బరువు కాలేదు,” అంది.

“పంతానికి పోకమ్మా.”

“బరువు కాలేదన్నానుగా!”

మొండితనం అనుకుంది హ్యేరాన్. పంతం పడితే దేవుడొచ్చినా దిగని మనిషి. ఆల్చిప్పల షెడ్డులో మోకాళ్ళు అరగదీసుకుని ఇద్దరు కొడుకుల్ని పెంచింది. ఇలాంటి మనిషితో వాదించడానికి భోజనం విరామం సరిపోతుందా?

“అత్తయ్యా, నేను కోడలిగా అడగడం లేదు. డాక్టరునై ఉండి చూసి ఊరుకోవడానికి లేదు నాకు. అనుమానం వస్తే వెంటనే పోలీసులకి చెప్పాలని చట్టం ఉంది.”

వంటింటి గుమ్మంలో నిలబడ్డ నాయంగ్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

“పోలీసులా?” వోల్సన్ మెల్లగా అంది. “మా ఇంటికా? చదువుకున్న కోడలు వస్తోందని వీధంతా కేకులు పంచానే తల్లీ! ఇందుకా? సొంత మరిదిని జైలుకి పంపడానికా చదివావు?”

“అమ్మా! నువ్వు కూడా నేనే కొట్టాననుకుంటున్నావా?” అన్నాడు కిజు.

తల్లి మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కిజు కాసేపు ఆమె వీపున నిద్రపోతున్న తన కూతురి తల వైపు చూశాడు. తర్వాత తలుపు ధడాలున వేసుకుని మెట్లు దిగిపోయాడు. రేవు గోడ దగ్గర నిలబడి సిగరెట్ మీద సిగరెట్ కాలుస్తాడు ఇక.

కివాన్ నిట్టూర్చి కోటు అందుకున్నాడు. “ఇలా వాదులాడుకుంటే తెల్లారదు. నేను వెళ్ళి కారు తెస్తాను, అందరం పెద్దాసుపత్రికి వెళ్దాం. ఎక్స్‌రే తీస్తే అందరి మనసూ కుదుటపడుతుంది. ఏమంటావు హ్యేరాన్?”

హ్యేరాన్‌కి ప్రాణం లేచివచ్చినట్టయింది. ఈ ఇంట్లో బుర్ర పనిచేసే మనిషి ఒక్కడైనా ఉన్నాడు. “త్వరగా తీసుకురండి,” అంది.

* * *

వంటింట్లో నాచు పులుసు మరుగుతోంది. నాయంగ్ దాన్ని కలుపుతూనే ఉంది, కలపాల్సిన పని లేకపోయినా. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఆల్చిప్పలు విప్పి విప్పి వేళ్ళ కొసలు ఎర్రగా పుండ్లు పడ్డాయి.

హ్యేరాన్ తలుపు దగ్గరగా వేసింది. “నాయంగ్, ఒక మాట అడుగుతాను. నువ్వేం చెప్పినా నీ మీదికి రానివ్వను. నీకు ఈ ఇంట్లో భయంగా ఉందా?”

“ఎవరంటే అక్కా?”

“నువ్వే చెప్పు.”

గరిటె ఆగింది. “ఆయనంటేనా? మీరూ అలాగే అనుకుంటున్నారా?” నాయంగ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఆయన పిల్లని ఎత్తుకోనే ఎత్తుకోరక్కా. నా చేతులు గరుకు, గీసుకుపోతుందేమో అంటారు. పక్కన కూర్చుని కాలి బొటనవేలు పట్టుకుంటారు, అంతే. తాగొస్తే ఆ గదిలోకే రారు.”

“మరి నువ్వు? విసుగొచ్చి, నిద్రలేక, ఎప్పుడైనా...”

“లేదు.” వెంటనే అంది, కోపం కూడా లేకుండా. “ఏడిస్తే నేనూ కూర్చుని ఏడ్చేదాన్ని. మొదట్లో ఎంత ఏడ్చేదో మీకు తెలుసుగా. ఇప్పుడు ఆ బాధ లేదులెండి. నేను షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టాక బుద్ధిమంతురాలైపోయింది. అత్తయ్య ఇంట్లో ఉండిపోయేదాకా పొద్దున పూట బావగారి దగ్గరే ఉండేది కదా, ఒక్క ఏడుపు ఉండేది కాదట. నేను వచ్చేసరికి కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకుని ఉండేది. బావగారికి పిల్లల్ని ఆడించడం బాగా తెలుసు.”

“ఆకలేసినా ఏడవదా?”

“ఏడవదు. నేను ఎత్తుకున్నా ముందు బిగుసుకుపోతుంది, తర్వాత మెల్లగా వదులవుతుంది. మంచిదే కదక్కా?”

ఆకలేసినా ఏడవని పసిపిల్లని హ్యేరాన్ ఇంతకుముందు ఒకే ఒక్కసారి చూసింది. చదువుకునే రోజుల్లో, పెద్దాసుపత్రిలో, చివరి గది మంచం మీద. ఆ పిల్ల కూడా పైకప్పు చూస్తూ ఉండేది. ఏడిస్తే ఏమవుతుందో నేర్చుకున్న పిల్ల అని చెప్పారు ప్రొఫెసర్.

ఆ ఆలోచన చివరిదాకా వెళ్ళకుండా దాన్ని అక్కడే నొక్కేసింది. పొద్దున పూట పిల్లని చూసుకోవడం మొదలుపెట్టాకే కివాన్ మొహంలో మళ్ళీ కళ వచ్చింది. ఆ ఏర్పాటు చేసిందే తను. ‘ఇంట్లో ఒక్కడూ కూర్చుని దిగులుపడే బదులు పసిదాన్ని ఎత్తుకుంటే మనసు తేలికపడుతుంది’ అని అత్తగారిని ఒప్పించింది తనే.

“అత్తయ్య షెడ్డుకి వెళ్ళడం ఎందుకు మానేశారు?” అని అడిగింది.

“నడుం నొప్పటగా. వారమైంది. అక్కడ అందరూ అడుగుతున్నారు, జ్వరమొచ్చినా మానని మనిషి ఎందుకు మానేసిందని.”

నడుం నొప్పట! హ్యేరాన్ స్టవ్ కట్టేసి, “పాప బట్టలూ పాలడబ్బా సంచిలో సర్దు,” అని చెప్పి బయటికి నడిచింది.

* * *

వోల్సన్ తన గదిలోకి వెళ్ళిపోయింది. కూర్చోలేదు. బీరువాకి అడ్డంగా నిలబడి, పాదాల మీద ఊగుతూ జోకొడుతోంది.

“మీ నడుం ఎలా ఉంది అత్తయ్యా?”

“ఎలా ఉంటుంది, ముసలి నడుం.”

“నడుం నొప్పని షెడ్డు మానేశారు. నడుం నొప్పున్న మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిల్లని వీపున మోస్తుందా?”

వోల్సన్ ఊగడం ఆపేసింది.

“అన్నం తినేటప్పుడూ విప్పడం లేదు మీరు. నేల మీద ఒక్క క్షణం పడుకోబెట్టడం లేదు. నేను చూడకుండా దాస్తున్నారనుకున్నాను. నా నుంచి కాదు కదూ?” హ్యేరాన్ ఒక అడుగు ముందుకేసింది. “ఎవరి నుంచి దాస్తున్నారు?”

“కారు తేవడానికి వెళ్ళాడా?” అంది వోల్సన్ గొణుగుతూ.

“ఆఁ.”

“నేను ఆసుపత్రికి వస్తాను. నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. కానీ వాడి కారు వద్దే తల్లీ. టాక్సీ పిలువు.”

ఎప్పుడూ వెచ్చగా ఉండే నేల హ్యేరాన్ కాళ్ళ కింద చల్లబడిపోయినట్టనిపించింది. ‘ఎవరి కారు’ అని అడగక్కర్లేదు. ఆ ఇంట్లో కారు నడిపేది ఒక్కడే.

“చెప్పండి.”

“ఏం చెప్పనే?”

“చూసింది చెప్పండి అత్తయ్యా. త్వరగా.”

“రబ్బరు తొడుగులు మర్చిపోయి వెనక్కి వచ్చాను ఆ రోజు,” అంది వోల్సన్. కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. “ఇల్లంతా నిశ్శబ్దం. పిల్ల నిద్రపోయిందనుకున్నాను. గదిలోకి చూస్తే... వాడు దాన్ని రెండు రెట్టలూ పట్టుకుని ఎత్తి ఊపుతున్నాడు. జోల పాడేటప్పటి ఊపు కాదది. తల ముందుకీ వెనక్కీ వాలిపోతోంది. వాడు అరవడం లేదే! అరిస్తే నాకు మెట్ల మీదే వినపడేది. లెక్క తప్పు చేసిన పిల్లాడికి చెప్పినట్టు, నెమ్మదిగా, ‘ఊరుకోవాలి, ఊరుకోవాలి’ అంటున్నాడు.”

హ్యేరాన్ చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది.

“నన్ను చూసి నవ్వాడు. ఆడిస్తున్నానమ్మా అన్నాడు. నేను కూడా నవ్వానే! ఏం చెయ్యాలో తెలీక నవ్వాను. మర్నాటి నుంచి షెడ్డు మానేశాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఫోన్ చేస్తావు.”

“నాయంగ్‌కైనా...”

“నాయంగ్‌కి చెబితే కిజుకి తెలుస్తుంది. కిజు అన్నని బతకనిస్తాడా? ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్ళే! ఎవడిని పోగొట్టుకోను నేను?” వోల్సన్ పొదేగి పట్టీ అంచుతో కళ్ళు వత్తుకుంది. “ఆల్చిప్పల సీజన్ అయిపోయేదాకా నేనే మోస్తే చాలనుకున్నాను. పిల్ల పెద్దదవుతుంది, వాడికి ఏదైనా పని దొరుకుతుంది. అంతా సర్దుకుంటుంది అనుకున్నాను.”

“మరి ఈ చెవి?”

“పొద్దున స్నానానికి వెళ్ళాను. ఎంతసేపే, ఒళ్ళు తుడుచుకునేంత సేపు! నాయంగ్ షెడ్డుకి వెళ్ళేముందు వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నేను తిరిగొచ్చేసరికి పిల్ల వాడి చేతుల్లో ఉంది. లాక్కుని కట్టుకున్నాను. అప్పట్నుంచి నిద్రపోతూనే ఉంది పాపం, అలసిపోయిందేమో.”

“పొద్దుటి నుంచా? పాలు తాగిందా?”

“పట్టాను. కక్కేసింది. మళ్ళీ పడుకుంది.”

హ్యేరాన్ ఒక్క అంగలో అత్తగారి వెనక్కి వెళ్ళి పిల్ల నడినెత్తిన, మాడు మీద వేళ్ళు పెట్టింది. మెత్తగా ఉండాల్సిన చోటు గట్టిగా, ఉబ్బెత్తుగా తగిలింది. “సోల్‌బీ!” అని పిలిచింది. అరికాలు గిల్లింది. పాదం కాస్త కదిలింది గానీ కళ్ళు తెరుచుకోలేదు.

“ఇది నిద్ర కాదత్తయ్యా.”

“ఏమిటే? ఏమంటున్నావు?”

“తల లోపల నెత్తురు కారుతోందేమో. కిందికి రండి, క్లినిక్‌లోకి. మెల్లగా. తల కదలకుండా నేను పట్టుకుంటాను.”

* * *

మెట్లు దిగుతుంటే హ్యేరాన్ రెండు చేతుల మధ్య ఆ చిన్న తల వెచ్చగా ఉంది. వెనక మెట్ల తలుపులోంచి క్లినిక్‌లోకి వచ్చారు. బయట అద్దాల తలుపుకి తెర దించి ఉంది. మేకల బొమ్మలున్న గోడ కింద, పరీక్ష బల్ల దగ్గర ముడి విప్పడానికి వోల్సన్ చేతులు సాగలేదు. హ్యేరాన్ కత్తెర తీసుకుని పట్టీ కత్తిరించేసింది. పిల్లని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి చొక్కా గుండీలు విప్పింది.

రెండు రెట్టల మీదా వేళ్ళ గుర్తులున్నాయి. ముందు వైపు బొటనవేలు, వెనక వైపు నాలుగు వేళ్ళు. కొన్ని పసుపు తిరిగాయి, కొన్ని నీలంగానే ఉన్నాయి. అన్నీ ఒక్కనాటివి కావు. ఇంత దగ్గరగా తను ఒక్కసారి చూసి ఉంటే చాలు. ఆ వేళ్ళని ఆమె గుర్తుపట్టకుండా ఉంటుందా? పద్నాలుగేళ్ళుగా తెలిసిన వేళ్ళు.

ఊపిరి ఆడుతోంది. నాడి మందంగా ఉంది. టాక్సీ సరిపోదు, అంబులెన్సు కావాలి, దారిలో ఊపిరి ఆగినా చూసుకోగలిగేవాళ్ళు ఉండాలి. హ్యేరాన్ ఫోన్ అందుకుంది.

“అమ్మాయ్,” వోల్సన్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. “అంబులెన్సుని పిలువు. పిల్ల బతకాలి. కానీ పేరు చెప్పకు. మంచం మీంచి పడిందను. నీ మాట ఎవరు కాదంటారు?”

అదే భయం హ్యేరాన్‌కి. ఎవరూ కాదనరు. పెద్దాసుపత్రిలో వాళ్ళంతా ఎరిగినవాళ్ళే. పిల్ల పెద్దమ్మ, పైగా పిల్లల డాక్టరు, మంచం మీంచి పడిందంటే రాసుకుని సంతకం పెట్టించుకుంటారు. పిల్లకి నయమవుతుంది. ఇంటికి తెచ్చుకుంటారు. పొద్దున పూట అందరూ పనులకి వెళ్తారు. తర్వాత?

ఒక్క క్షణం అలా చెప్పేయాలనే అనిపించింది ఆమెకి. నిజంగా అనిపించింది. రేపు ఈ క్లినిక్‌కి ఎవరు వస్తారు? స్కూలు నుంచి వచ్చే తన కూతురికి ఏం చెప్పాలి? ఆ మనిషి పక్కన ఇన్నేళ్ళు పడుకుని లేచిందే, తనకి తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? ఆమే నమ్మదు.

బల్ల మీద సోల్‌బి వేళ్ళు ఒకసారి ముడుచుకుని విచ్చుకున్నాయి.

హ్యేరాన్ నంబరు నొక్కింది. “పిల్లల క్లినిక్ నుంచి డాక్టరుని మాట్లాడుతున్నాను. నాలుగు నెలల పాప, తలకి లోపల దెబ్బ, స్పృహ తగ్గుతోంది. అంబులెన్సు కావాలి, వెంటనే.” అడ్రసు చెప్పింది. ఊపిరి తీసుకుంది. “పోలీసులు కూడా కావాలి. ఇది పడిన దెబ్బ కాదు. ఎవరో చేసింది.”

పక్కన వోల్సన్ స్టూలు మీద కూలబడింది.

“బండి బయల్దేరింది డాక్టరుగారూ,” అంది అవతలి అమ్మాయి. “పాప ఇప్పుడు మీ దగ్గరే ఉందా? ఎవరి మీద అనుమానం? ఆ మనిషి దగ్గర్లో ఉన్నాడా?”

బయట కారు వచ్చి ఆగింది. తలుపు వేసిన చప్పుడు, మెట్ల వైపు సందులోంచి అడుగులు. ఆ అడుగులు పైకి వెళ్ళలేదు. క్లినిక్ వెనక తలుపు ముందు ఆగాయి.

“తక్ కివాన్,” అంది హ్యేరాన్ ఇంటిపేరుతో సహా, గొంతులోనే.

“వినపడలేదండీ. కాస్త గట్టిగా చెప్పండి.”

తలుపు తెరుచుకుంది. కివాన్ తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బల్ల మీద చొక్కా విప్పిన పిల్లని చూశాడు. నేల మీద కత్తిరించి పడేసిన పట్టీని చూశాడు. స్టూలు మీద తల్లిని చూశాడు. చివరికి భార్య చెవి దగ్గరున్న ఫోన్ వైపు చూశాడు.

“ఎవరితో హ్యేరాన్?” అన్నాడు, ఎప్పటిలాగే నెమ్మదిగా.

ఆమె పిల్లకీ అతనికీ మధ్యకి జరిగింది. బల్ల అంచు పట్టుకుంది. అతని కళ్ళలోకి చూస్తూ ఈసారి గట్టిగా చెప్పింది.

“తక్ కివాన్. నా భర్త. ఇప్పుడు నా ఎదురుగానే ఉన్నాడు.”

కివాన్ లోపలికి అడుగుపెట్టి, వెనక్కి తిరిగి, తలుపు మూసి గడియ వేశాడు.